బావ ఊరెళ్ళిన శని, ఆదివారాలు: ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు రెండు రోజులు నెమ్మదిగా గడపడం ఎలా?

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి మొదటిసారి మా ఇంట్లో నేనొక్కదాన్నే రెండు రోజులున్నాను. అమ్మాయి విశాఖలో హాస్టల్లో చేరింది. మా బావ (మాది మేనరికం, ఇప్పటికీ పిలుపు అదే) స్నేహితుడి ఇంట్లో పెళ్ళికని బరంపురం బయల్దేరాడు. శుక్రవారం సాయంత్రం ఆమదాలవలసలో రైలెక్కించి వచ్చాను. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ మా ఊళ్ళో ఆ మాట వాడేవాళ్ళు తక్కువ.

మర్నాడు పొద్దున్న ఆరింటికే అటక మీది సామానంతా కిందికి దింపాను. అమ్మాయి ఒకటో తరగతి పలక, మూత లేని మరచెంబు, ఎవరి పెళ్ళిలో ఇచ్చారో తెలియని స్టీలు గిన్నెలు పద్నాలుగు. తుడిచి, తోమి, మళ్ళీ ఎక్కించేసరికి ఆదివారం సాయంత్రమైంది, నడుం పట్టేసింది. రాత్రి బావ వచ్చి కాళ్ళు కడుక్కుని, "రెండ్రోజులూ హాయిగా రెస్ట్ తీసుకున్నావా?" అన్నాడు. అటక వైపు చూడను కూడా లేదు.

ఆ తర్వాత ఇంకో నాలుగైదు సార్లు ఇలాంటి రోజులు దొరికాయి. ఇప్పుడు కాస్త చేతనైంది. మీ ఇంట్లో భర్తో భార్యో ఊరెళ్తుంటే పనికొస్తుందని, నేను చేసే పద్ధతి వరసగా చెప్తాను.

ముందు రెండు రోజులు: పనులన్నీ అవతలికి

శనివారం ప్రశాంతంగా ఉండాలంటే బుధ, గురువారాల్లోనే కష్టపడాలి. బట్టలు ఉతకడం, కరెంటు బిల్లు, మిక్సీ రిపేరు, టైలర్ దగ్గరున్న జాకెట్లు, అన్నీ గురువారం రాత్రికి అయిపోవాలి. మిగిలినవి సోమవారానికి. "ఎలాగూ ఖాళీయే కదా" అని శనివారంలోకి ఒక్క పని రానిచ్చామా, దాని వెనక నాలుగొస్తాయి. అటక సంగతి చెప్పానుగా.

ఇంట్లో చూసుకోవాల్సినవి: స్పేర్ సిలిండర్ ఉందా, ఇన్వర్టర్‌లో నీళ్ళు సరిపడా ఉన్నాయా, టార్చి వెలుగుతోందా, రోజూ వేసుకునే మాత్రలు సోమవారం దాకా ఉన్నాయా. ఓవర్‌హెడ్ ట్యాంకు శుక్రవారం సాయంత్రమే నింపుకోండి. మా ఇంట్లో మోటారు స్విచ్చి బావ శాఖ. ఎంతసేపు వెయ్యాలో తెలీక మొదటిసారి డాబా అంతా కాలువ చేశాను. మీ ఇంట్లో కూడా ఇలా ఒకరికే తెలిసిన పనులుంటాయి. వాళ్ళు రైలెక్కకముందే ఒకసారి మీ చేత్తో చేసి చూడండి.

అక్టోబరు, నవంబరు అయితే వాతావరణం వార్త కూడా చూడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు కరెంటు లేక ఎన్ని రోజులు అవస్థ పడ్డారో మన శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తుఫాను హెచ్చరిక ఉంటే ఒంటరి సెలవు ఆలోచన మానేసి, ప్రయాణమే వాయిదా వేయించండి.

ఎవరికి ఏం చెప్పాలి

ఇంట్లో ఒక్కరే ఉంటున్నారని తెలిస్తే మనవాళ్ళు ఊరుకోరు. అది ప్రేమే. కానీ ఆ ప్రేమ పూటకి నాలుగుసార్లు ఫోన్ చేస్తుంది.

అమ్మ "వచ్చేయకపోయావా" అంటుంది. అత్త "నేనొచ్చి తోడుండనా" అంటుంది. పాలు పోసే అప్ప గుమ్మంలోనే ఆగి, "ఏటమ్మా, బాబు ఊరెల్నాడా? ఒక్కదానివే ఉంతావా? బయం నేదా?" అని వీధికంతా వినిపించేలా అడుగుతుంది. ఎదురింటి మామ్మగారైతే, "రాత్రికి మా ఇంట్లో పడుకోవే అమ్మడూ" అని మంచం కూడా వేయించేస్తారు.

నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటే. వాళ్ళు చేసేలోగా నేనే చేస్తాను. శనివారం ఎనిమిదింటికి అమ్మకి పది నిమిషాలు, అత్తకి పది నిమిషాలు. "తిన్నాను, తలుపులు వేసుకున్నాను, రేపు ఇదే టైముకి చేస్తాను" అని చెప్పేస్తే, వాళ్ళకి టెన్షన్ ఉండదు, నాకు రోజంతా మోగదు.

మామ్మగారికి మాత్రం దాచకుండా చెప్పండి. పక్కింట్లో ఒకరికి తెలిసుండటం, మారు తాళంచెవి ఒకటి వాళ్ళ దగ్గరుండటం మంచిది. స్నానాల గదిలో జారిపడితే వచ్చేది వాళ్ళే. ఇక్కడో చిక్కుంది. ఆవిడ ఏదో ఒకటి పంపిస్తారు, సగ్గుబియ్యం పాయసమో, కొబ్బరన్నమో. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, మనమేదో వేసి పట్టుకెళ్తాం, వాళ్ళు కూర్చోమంటారు, గంటన్నర పోతుంది. గిన్నెని ఆదివారం సాయంత్రం దాకా ఉంచేయండి. లేదా ఆవిడ గుడికి బయల్దేరి చెప్పులు వేసుకునే వేళకి పట్టుకెళ్ళండి.

చెప్పకూడని చోటు వాట్సాప్ స్టేటస్. ఊరెళ్ళిన మనిషి రైలు ఫొటో, "మిస్ యూ" అనే మాట పెడితే, ఇంట్లో ఒక్కరే ఉన్నారని ఫోన్లో నంబరున్న ప్రతివాడికీ చెప్పినట్టే. పార్సెల్ తెచ్చిన అబ్బాయి "సార్ లేరా" అంటే, "స్నానం చేస్తున్నారు" అనండి. ఈ అబద్ధానికి పాపం రాదు.

శుక్రవారం రాత్రి: తాళం, లైటు, చప్పుళ్ళు

మొదటి రాత్రి భయం వేస్తుంది. వెయ్యదని చెప్పేవాళ్ళని నేను నమ్మను. మనిషి తోడున్నప్పుడు వినపడని చప్పుళ్ళన్నీ ఆ రాత్రే వినపడతాయి. ఫ్రిజ్జు గుర్రుమంటుంది, బల్లి కొడుతుంది, పక్కవాళ్ళ రేకుల మీద కొబ్బరిమట్ట పడితే ప్రాణం పోయినంత పనవుతుంది.

పడుకునే ముందు ఇంటిని ఒక వరసలో ఒకే ఒక్కసారి తిరగండి. గేటు తాళం, వీధి తలుపు, పెరటి తలుపు, వంటింటి కిటికీ, గ్యాస్ రెగ్యులేటర్. ప్రతి గడియా వేసినప్పుడు పైకి అనండి: "పెరటి తలుపు వేశాను." పిచ్చిగా ఉంటుంది గానీ, అర్ధరాత్రి మెలకువొచ్చి "వేశానా లేదా" అని లేవాల్సిన పనుండదు. నేను మూడుసార్లు లేచిన రాత్రి తర్వాత ఈ పద్ధతి పెట్టుకున్నాను. హాల్లో చిన్న లైటు వెలగనివ్వండి. ఫోను చార్జింగ్ నిండుగా, టార్చి తలగడ పక్కన. మగవాళ్ళ చెప్పులొక జత గుమ్మం బయట వదలమని మా అమ్మ చెప్తుంది. దొంగ చెప్పులు లెక్కపెట్టుకుని వస్తాడో లేదో గానీ, నేనైతే వదులుతాను.

ఫ్రిజ్జు మీద ఒక కాగితం అంటించుకోండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108, గ్యాస్ లీకైతే 1906, కరెంటు ఫిర్యాదుకి 1912, మహిళల హెల్ప్‌లైన్ 181. గ్యాస్ వాసనొస్తే లైటు వెయ్యకూడదు, ఉన్న లైటు ఆపకూడదు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, బయటికొచ్చాకే ఫోన్ చెయ్యాలి.

పడుకునే ముందు ఇంకో పని, చోడి (రాగి) పిండి నానబెట్టడం. మూడు పెద్ద చెంచాల పిండి, గ్లాసు నీళ్ళు, ఉండ లేకుండా కలిపి మూత పెట్టడం. పొద్దున్నకి కాస్త పులుస్తుంది.

శనివారం పొద్దున్న: గడియారం వైపు చూడొద్దు

లేచాక చెయ్యాల్సింది పెద్దగా లేదు. రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, రాత్రి నానిన పిండి పోసి, సన్నమంట మీద ఎనిమిది పది నిమిషాలు కలుపుతూ ఉండాలి. పచ్చివాసన పోయి గరిటెకి అంటుకుంటున్నప్పుడు దించి చల్లార్చాలి. గుప్పెడు నూకలు విడిగా ఉడికించి కలిపితే మన శ్రీకాకుళం అంబలి. ఉప్పు, గ్లాసు మజ్జిగ, ఉల్లిపాయ ముక్క, ఓ పచ్చిమిరపకాయ. గుమ్మంలో కూర్చుని తాగండి. ఇడ్లీకి రుబ్బలేదని, చట్నీ చెయ్యలేదని అడిగేవాళ్ళు లేరు.

ఆ పూట ఫోను వేరే గదిలో పెట్టండి. రెండోసారి ఒంటరిగా ఉన్నప్పుడు నేను మంచం మీదే రీల్స్ చూస్తూ పదకొండున్నర చేశాను. లేచాక తల బరువు తప్ప ఏమీ మిగల్లేదు. అటక దులపడం కంటే అధ్వాన్నం, దానికి కనీసం అటకైనా శుభ్రమైంది.

ఏం తినాలనుంది?

ఈ గైడులో ఇదే కష్టమైన మెట్టు.

ఒకరికోసం ఏం వండుతాంలే అని ఆడవాళ్ళం పచ్చడి మెతుకులతో కానిచ్చేస్తాం. మగవాళ్ళు హోటల్ బిర్యానీ తెప్పించేసుకుంటారు. రెండూ ఒకలాంటివే, అసలు ప్రశ్న తప్పించుకోవడం. నేను రోజూ బావని అడుగుతాను, "ఏం కూర చెయ్యమంటావ్?" అని. అమ్మాయి సెలవులకొస్తే దాన్ని అడుగుతాను. మొదటిసారి నన్ను నేనే అడిగినప్పుడు ఫ్రిజ్జు తలుపు తీసుకుని నిలబడ్డాను, అది చల్లదనం పోతోందని కూత పెట్టేదాకా. జవాబు దొరకలేదు. బీరకాయ బావకిష్టం, బంగాళాదుంప అమ్మాయికిష్టం. మరి నాకు?

జవాబు దొరకాలంటే పెళ్ళికి ముందుకి వెళ్ళి వెతకండి. మీ పుట్టింట్లో మీరు రెండోసారి వడ్డించుకున్న కూర ఏది? మీ ఇంట్లో ఎవరో ఒకరు ముక్కు మూసుకుంటారని వండటం మానేసింది ఏది? నాకు రెంటికీ ఒకటే జవాబొచ్చింది. ఎండు నెత్తళ్ళు. బావ చేపలు తింటాడు, ఎండుచేప వాసన మాత్రం పడదు. పద్దెనిమిదేళ్ళు మా వంటింట్లోకి అవి రాలేదు.

శనివారం మా ఇంట్లో నీచు ముట్టం కాబట్టి అది ఆదివారం మధ్యాహ్నానికి. శనివారానికి పెసరకట్టు, వడియాలు, చిన్న గ్లాసుడు బియ్యం చాలు. ఒక్కరికి వండేటప్పుడు అందరూ తప్పేది కొలతలోనే. చెయ్యి అలవాటుగా నలుగురికి పోసేస్తుంది. వంద గ్రాముల బియ్యం ఒక పూటకి సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా. మిగిలింది పెరుగు కలిపి రాత్రికి.

నెత్తళ్ళ పద్ధతి: ఒక్కరికి యాభై గ్రాములు. తలలు గిల్లెయ్యాలి. పొడి బాణలిలో రెండు నిమిషాలు వేపి, వేడినీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి, నాలుగు నీళ్ళలో కడగాలి. ఇసుక పోయేదాకా కడగాలి, ఇక్కడ బద్ధకిస్తే పంటి కింద కరకరమంటుంది. రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మూడు పచ్చిమిరపకాయలు నూనెలో బాగా మగ్గనిచ్చి, పసుపు, కారం వేసి, నెత్తళ్ళు వేసి ఏడెనిమిది నిమిషాలు వేపాలి. ఉప్పు రుచి చూశాకే, వాటిలోనే ఉప్పుంటుంది. చారన్నంలోకి నంజుకోండి.

మగవాళ్ళకి రెండు మాటలు. ఆవాల డబ్బా ఎక్కడుందని పుట్టింట్లో ఉన్న భార్యకి ఆరుసార్లు ఫోన్ చేస్తే అది మీ ఏకాంతమూ కాదు, ఆవిడ సెలవూ కాదు. డబ్బాలన్నీ ముందురోజే చూసి పెట్టుకోండి. "ఇల్లు ఖాళీగా ఉంది" అని స్నేహితుల్ని పిలిస్తే అది ఇంకో రకం వారాంతం, దానికి వేరే గైడు కావాలి. గిన్నెలు ఎప్పటివప్పుడు కడగండి.

బయటికి ఒక్కచోటికే

రెండు రోజులూ ఇంట్లోనే ఉంటే గోడలు దగ్గరికి జరుగుతాయి. శనివారమో ఆదివారమో ఒక పూట బయటికెళ్ళండి. ఒక్క పూట, ఒక్క చోటు.

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి ఊరికి ఆనుకునే ఉంది. కానీ ఆదివారం సూర్యుడి వారం. జనం తోసుకుంటూ ఉంటారు. వెళ్ళాలనుంటే శనివారం పొద్దున్నే వెళ్ళండి. శ్రీకూర్మం నాకు ఇంకా ఇష్టం. పదిహేను కిలోమీటర్ల లోపు. కూర్మావతారంలో ఉన్న విష్ణువు, పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. దర్శనం తొందరగా ముగించి మండపంలో గోడల మీది పాత బొమ్మలు చూస్తూ ఎంతసేపైనా తిరగొచ్చు. గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్ళ దగ్గర కూర్చుంటే, వాటి నడకకి మనకే ఊపిరి నెమ్మదిస్తుంది. తోడుగా ఎవరైనా ఉంటే, "చూశాం కదా, పద" అని ఉండేవారు.

శాలిహుండం కొండ మీంచి వంశధార బాగా కనిపిస్తుంది. అక్కడి బౌద్ధ శిథిలాల్ని 1919లో మొదట గుర్తించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. చోటు అందమైనదే, కానీ నిర్మానుష్యంగా ఉండే వేళలుంటాయి. ఒంటరిగా ఆడవాళ్ళు వెళ్ళేలా అయితే పొద్దున్న పూటే, తెలిసిన ఆటోలోనే. కళింగపట్నం బీచీ అంతే, చీకటి పడకముందు తిరిగొచ్చెయ్యాలి, నీళ్ళలోకి దిగొద్దు.

ఊరు దాటక్కర్లేదనుకుంటే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథలకోసం పెట్టిన గ్రంథాలయం. తెరిచి ఉంటుందో లేదో ముందు కనుక్కుని వెళ్ళండి. వెళ్ళలేకపోయినా ఫర్వాలేదు, స్కాన్ చేసిన పాత కథలు వాళ్ళ వెబ్‌సైట్లో చదువుకోవచ్చు. పాత పత్రిక పేజీలో కథ పక్కన ఆనాటి తలనొప్పి మాత్రల ప్రకటన కూడా కనపడితే, నేను కథ వదిలి అదే చదువుతాను.

శనివారం దీపాల వేళ

సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య ఒక గంట ఉంటుంది. పగలంతా బాగానే ఉన్న మనిషికి ఆ గంటలో ఉన్నట్టుండి దిగులు ముంచుకొస్తుంది. అది ఎప్పుడూ స్కూటరు చప్పుడు వినపడే వేళ. చెవి దానికోసం ఎదురుచూస్తుంది. ఏదో తప్పు జరిగిందనుకోవద్దు, అలవాటు అంతే.

ఆ గంటలో ఇంట్లో ఉండకండి. దీపం పెట్టి, తాళం వేసి నడవండి. నేను ఏడురోడ్ల జంక్షన్ దాకా వెళ్ళి మురీ మిక్చర్ కట్టించుకుని, నాగావళి వైపు వెళ్తాను. వేసవిలో ఏట్లో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనపడుతుంది. అయినా గాలి ఉంటుంది. జనం ఉన్నచోటే నిలబడి పొట్లం ఖాళీ చేసి వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది, దిగులూ దాటుతుంది.

ఊరెళ్ళిన మనిషికి ఫోన్ చెయ్యొచ్చా? చెయ్యండి. "ఎప్పుడొస్తావ్" అని మాత్రం అడక్కండి, టికెట్టు మీద రాసే ఉంది. పెళ్ళి భోజనంలో ఏం పెట్టారో అడగండి. దానికి మా బావ ఇరవై నిమిషాలు చెప్తాడు.

ఆదివారం

ఆదివారానికి నేను ఒక్క పని ఉంచుకుంటాను, తొందర అక్కర్లేనిది. నా పొందూరు చీరకి గంజి పెట్టడం. లీటరున్నర నీళ్ళలో రెండు పెద్ద చెంచాల సగ్గుబియ్యం, అవి అద్దంలా అయ్యేదాకా ఉడికించి, వడకట్టి, చల్లార్చి, ఉతికిన తడిచీర ముంచి, గట్టిగా పిండకుండా నీడలో ఆరేయాలి. ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి నేసిన చీర. దాన్ని మెషిన్లో పడేస్తే మనసొప్పదు. మీకు ఇలాంటిదే ఇంకేదైనా ఉండొచ్చు, మల్లెతీగ కత్తిరించడమో, సైకిల్ చెయిన్‌కి నూనె పెట్టడమో.

హాస్టల్ నుంచి అమ్మాయి ఫోన్ ఆదివారమే. "ఒక్కదానివే ఏం చేస్తున్నావమ్మా" అంటుంది. పోయినసారి "నెత్తళ్ళు వేపుతున్నాను" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకెప్పుడూ పెట్టలేదేం?" అంది.

భోంచేశాక పడుకోండి. అలారం పెట్టొద్దు.

తిరిగొచ్చే వేళకి

సాయంత్రం ఐదింటికి ఇల్లు ఒకసారి ఊడ్చి, మంచం మీద దుప్పటి మార్చి, రాత్రికి ఏదో తేలికైనది వండి పెట్టండి. ప్రయాణం చేసొచ్చినవాళ్ళకి చారన్నం చాలు. మామ్మగారి గిన్నె కూడా ఇప్పుడే. రెండు రోజుల్లో ఏం చేశారో లెక్క అప్పజెప్పక్కర్లేదు.

నెత్తళ్ళు వండుకున్నవాళ్ళకి ఇంకో పని మిగిలుంటుంది. వండేటప్పుడే కిటికీలు తీసి, బాణలి వెంటనే తోమి, నీళ్ళలో నిమ్మతొక్కలు, నాలుగు లవంగాలు వేసి పావుగంట మరిగించాలి. వంటగుడ్డ ఉతికెయ్యాలి, వాసన పట్టేది దానికే. తలలు, తొక్కలు బయటి చెత్తడబ్బాలో వెయ్యాలి. చివర్లో రెండు అగరొత్తులు.

పోయినసారి నేను ఇవన్నీ చేశాను. రాత్రి తొమ్మిదిన్నరకి బావ గుమ్మంలో బ్యాగు దింపి, గాలి పీల్చి, "నెత్తళ్ళా?" అన్నాడు.

"ఎదురింట్లో అనుకుంటా" అన్నాను.

మామ్మగారు ఉల్లిపాయ కూడా తినరు.